స్పానిష్ పాఠాలు - 14: ఎవరు వచ్చినా 'యెగాదో'నే

సబ్జంక్టివ్‌లో, అంటే ఆశ, అనుమానం లాంటివి చెప్పే క్రియారూపంలో, పూర్తయిన పనిని చెప్పడం పోయినసారి మొదలుపెట్టాం. అభ్యాసం చేసినవారిలో ఎక్కువమంది ఒకేచోట జారారు. 'మరియా వచ్చి ఉంటుందని ఆశిస్తున్నాను' అన్నదానికి 'ఎస్పేరో కే మరియా ఆయా యెగాదా' అని రాశారు. చివరి మాట 'యెగాదో' కావాలి. తప్పులో సగం నాది. 12వ పాఠంలో 'మరియా ఎస్తా కాన్సాదా', అంటే మరియా అలసిపోయి ఉంది అని నేర్పుతూ, స్త్రీ అయితే చివర 'ఆ' తప్పదని బల్లగుద్ది చెప్పింది నేనే.

అది ఎస్తార్ (స్థితిని చెప్పే 'ఉండు' క్రియ) పక్కన. అక్కడ 'కాన్సాదా' విశేషణం, మనిషిని బట్టి మారుతుంది. ఇక్కడున్నది అబేర్, పని పూర్తయిందని చెప్పే సహాయక క్రియ. దాని పక్కకు చేరిన మాట క్రియలో భాగమైపోతుంది, ఎవరి కోసమూ మారదు. తెలుగులో తిని ఉంటాడు, తిని ఉంటుంది, తిని ఉంటారు అంటాం. 'తిని' ఎక్కడైనా కదిలిందా? మారే బాధ్యతంతా 'ఉండు'ది. స్పానిష్‌లో ఆ బాధ్యత అబేర్‌ది. 'దూదో కే లాస్ నీన్యాస్ ఆయాన్ కొమీదో': ఆడపిల్లలు తిన్నారో లేదో అని అనుమానం. పిల్లలు నలుగురైనా నలభైమందైనా కొమీదోనే. 'కొమీదాస్' అని రాసినవారు ఆ వాక్యాన్ని ఇంకోసారి రాయండి.

అబేర్ రూపాలు మీకు వచ్చు: ఆయా (నేను), ఆయాస్ (నువ్వు), ఆయా (అతను, ఆమె), అయామోస్ (మేము), ఆయాన్ (వాళ్లు). 'అయాయిస్' (మీరంతా) స్పెయిన్‌లో కావాలి. లాటిన్ అమెరికాలో వాడరు, నేనూ నేర్పను. ఆర్‌తో ముగిసే క్రియలకు ఆదో, ఎర్, ఇర్‌లతో ముగిసేవాటికి ఈదో: అబ్లాదో, కొమీదో, బిబీదో. ఎక్కువ క్రియలకు ఇంతే.

'ఆయా' అంటే ఆసుపత్రి ఆయా గుర్తొస్తోందని నవ్వుకునేవారికి: మన ఆయా పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. స్పానిష్‌లో దాదిని పిలిచే మాటా ఇలాగే పలుకుతుంది. రాతలో మాత్రం అబేర్ రూపమైన 'ఆయా'కు ముందు పలకని 'ఆచే' (h) అక్షరం ఉంటుంది.

నా చిట్కా ఒకటి. 'ఆయాయెగాదో' అని ఒకే మాటగా పలకండి, మధ్యలో ఏదీ దూరనివ్వకండి. 'నో', 'మే', 'సే' అన్నీ ముందే రావాలి: 'ఎస్పేరో కే నో సే ఆయా కాన్సాదో', అలసిపోలేదనే ఆశ. ఇక్కడ కూడా కర్త మరియానే, అయినా 'కాన్సాదో'నే, చూశారా!

అభ్యాసం: కొంప్రార్, త్రబఖార్, బెందేర్, సుబీర్, సలీర్. ఒక్కోదానికి నువ్వు, ఆమె, మేము, వాళ్లు. 'ఎస్పేరో కే'తో ఒకసారి, 'దూదో కే'తో ఒకసారి, మొత్తం 40 వాక్యాలు. 'నేను' వద్దు. ఆశపడేదీ పని చేసేదీ ఒక్కరే అయితే పద్ధతి వేరు, అది 15లో. కర్తలందరూ ఆడవాళ్లే కావాలి.