ఎంటెబ్బేలో మొదలయ్యే సైకిల్ టూర్‌కు తూర్పు ఆఫ్రికా టూరిస్ట్ వీసా: దరఖాస్తు విధానం

ఉగాండాలోని ఎంటెబ్బేలో మొదలై కెన్యా వైపో రువాండా వైపో సాగే బృంద సైకిల్ టూర్‌కు దేశానికో వీసా తీసుకోనక్కర్లేదు. తూర్పు ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఒక్కటే ఈ మూడు దేశాలకూ చెల్లుతుంది. రుసుము 100 డాలర్లు, గడువు 90 రోజులు. ఆ గడువులో మూడు దేశాల మధ్య సరిహద్దులు ఎన్నిసార్లయినా దాటొచ్చు. ఉగాండా దాటి వెళ్లనివాళ్లకు 50 డాలర్ల మామూలు వీసా చాలు.

దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. మొదట ఏ దేశంలో దిగుతారో ఆ దేశానికే పెట్టాలి. ఉగాండా ఇచ్చిన వీసా చేతిలో పెట్టుకుని, చౌకగా దొరికిందని కెన్యా రాజధాని నైరోబీకి టికెట్ కొంటే అక్కడి ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆగిపోతారు. విమానాశ్రయం దాటకుండా నైరోబీలో విమానం మారడం వేరు, దానికి ఇబ్బంది లేదు. టాంజానియా ఈ వీసాలో లేదు. టూర్ అరూషాలో ముగిసేటట్లయితే టాంజానియా ఈ-వీసా విడిగా తీసుకోవాలి. ఒకసారి టాంజానియాలోకి వెళ్లాక అదే వీసాతో మళ్లీ కెన్యాలోకి రావడం కుదరదు. కాబట్టి టూర్ నిర్వాహకుల నుంచి రోజువారీ మార్గం తెప్పించుకుని, ఏ సరిహద్దు ఏ తేదీన దాటుతారో చూసుకున్నాకే ఫారం తెరవండి.

అంతకన్నా ముందు పూర్తి కావాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. టీకా వేయించుకున్నట్లు ఇచ్చే పసుపు కార్డును వీసా దరఖాస్తుకు జతచేయాలి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేయించుకున్న టీకాకే కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రమే. రోజులు, వేళలు ముందే కనుక్కుని అసలు పాస్‌పోర్ట్‌తో వెళ్లండి. కార్డు మీద పాస్‌పోర్ట్ నంబరు, టీకా బ్యాచ్ నంబరు, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోవాలి. టీకా వేసిన 10 రోజులకు గానీ కార్డు అమల్లోకి రాదు. 2016 జులై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతోంది, పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా సరే. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, 60 ఏళ్లు దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

దరఖాస్తు ఉగాండా ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే పెట్టండి. చిరునామా చివర జీఓ డాట్ యూజీ అని ఉండాలి. అదే రూపంలో కనిపించే ప్రైవేటు సైట్లు అదనంగా వసూలు చేస్తాయి. వీసా రకంలో తూర్పు ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఎంచుకోవాలి. పాస్‌పోర్ట్ వివరాల పేజీ, ఫొటో, పసుపు కార్డు, రానూపోనూ టికెట్, టూర్ మార్గం స్కాన్ చేసి సిద్ధంగా ఉంచుకోండి. పాస్‌పోర్ట్‌కు ఇంకా 6 నెలలకు పైగా గడువు ఉండాలి. మన ఇంటిపేర్లతో జాగ్రత్త: పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టికెట్ మీద ఒక్క అక్షరమే ఉంటే రెండు పేర్లూ కలవవు. ఉండే చోటు దగ్గర మొదటి హోటల్ చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వండి. జీతానికి వచ్చే మెకానిక్, గైడ్ ఈ వీసాతో పనిచేయకూడదు.

రుసుము కార్డుతో కట్టాలి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉండకపోతే చెల్లింపు నిలిచిపోతుంది. ఆమోదం కొద్ది పనిదినాల్లోనే రావచ్చు కానీ, పత్రం ఏదైనా తక్కువైతే మళ్లీ అడుగుతారు. ప్రయాణానికి నెల ముందే పెట్టడం మేలు. వచ్చిన అనుమతి పత్రాన్ని రెండు కాపీలు ముద్రించుకోండి. ఎంటెబ్బేలో అది చూపిస్తే వేలిముద్రలు తీసుకుని వీసా ఇస్తారు.

సైకిల్ పెట్టె కొలతలు, బరువు పరిమితి ఒక్కో విమాన సంస్థకు ఒక్కోలా ఉంటాయి. అనుమతి ఈమెయిల్‌లో రాయించుకోండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, ఊడాలంటే గడియారం ముల్లు దిశలో తిప్పాలి. గేర్లు మార్చే వెనక డీరెయిలర్ విప్పి ఫ్రేమ్ లోపలి వైపు కట్టేయండి, లేకపోతే దెబ్బకు దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి గేర్లు పడవు. ముందు చక్రం తీసిన ఫోర్క్ మధ్య అడ్డుకట్టె పెట్టాలి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. టైర్లలో గాలి నింపే చిన్న సిలిండర్లు వద్దు, చేతిపంపు తెచ్చుకోండి. భాగాలను పాలిథిన్ సంచుల్లో చుట్టకండి. రువాండా 2008లో, కెన్యా 2017లో వాటిని నిషేధించాయి. పాత నూలుగుడ్డ చుడితే సరిపోతుంది.

ఖరీదైన సైకిలయితే శంషాబాద్‌లో చెక్-ఇన్‌కు ముందే కస్టమ్స్ వాళ్లకు ఫ్రేమ్ నంబరు, బిల్లు చూపి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

బుసియా దగ్గర ఉగాండా నుంచి కెన్యాలోకి దాటేటప్పుడు రెండు దేశాల కౌంటర్లూ కెన్యా వైపు ఒకే భవనంలో ఉంటాయి. సైకిల్ మీద ఉన్నవాళ్లు గుంపుతో పాటు నేరుగా సాగిపోయే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. ఉగాండా నిష్క్రమణ ముద్ర, కెన్యా ప్రవేశ ముద్ర రెండూ పడ్డాకే పెడల్ తొక్కండి. ముద్ర లేకపోతే బయటికెళ్లే రోజున విమానాశ్రయంలో నిలదీస్తారు. పసుపు కార్డు పెట్టెలో పెట్టేయకండి. తిరిగి భారత్‌లో దిగగానే అడుగుతారు, చూపలేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారులకు ఉంది.