మందుల షీటు ఇంట్లో ఎలా చదువుకోవాలి

డాక్టరు రాసిన మందులు ఇంటికి తేగానే ఒక్కో షీటునూ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. షీటు మీద కొట్టొచ్చినట్టు కనిపించేది చాలాసార్లు కంపెనీ పెట్టుకున్న పేరే. మీరు వెతకాల్సింది అసలు మందు పేరు, దాని పక్కన ఎన్ని మిల్లీగ్రాములని ఉందో ఆ అంకె. ఒకే మందును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. పేరు మారితే మందు మారిందనుకోవడం వల్ల జరిగే ప్రమాదం నేను మా ఇంట్లోనే చూశాను.

తణుకులో పంతొమ్మిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును నేను. నాలుగేళ్ల కిందట మా అత్తయ్య కాలు విరిగి, పట్నంలో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. ఇంటికి పంపేటప్పుడు షుగర్‌కు కొత్త పేరుతో ఒక బిళ్ల రాసిచ్చారు. ఆవిడ ఆ బిళ్లా వేసుకున్నారు, డబ్బాలో ఉన్న పాత బిళ్లా వేసుకున్నారు. రెండింట్లోనూ ఉన్నది గ్లిమిపిరైడే. మూడో రోజు తెల్లవారుజామున చూస్తే ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. మీటరులో 48. మింగగలుగుతున్నారు కాబట్టి పంచదార నీళ్లు పట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. గ్లిమిపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది, ఒకసారి కోలుకున్నా షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఇంట్లో ఉంచుకోలేదు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఆ రోజు నుంచి మా షాపులో ఎవరు కొత్త చీటీ తెచ్చినా, ఇంట్లో ఇప్పటికే వాడుతున్న మందులేవని అడగకుండా బిళ్లలు ఇవ్వను. మీరూ అలాగే చేయండి. పాత షీట్లు, కొత్త షీట్లు మంచం మీద పక్కపక్కన పరిచి అసలు పేర్లు పోల్చండి. ఇంగ్లిష్ చదవడం రాకపోతే సంచీ మొత్తం షాపుకు తీసుకెళ్లి తెలుగులో రాసివ్వమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మా పనే. ఒక మందు రెండు షీట్లలో కనిపిస్తే ఏది ఉంచాలో మీరు తేల్చుకోకుండా డాక్టరును అడగండి.

పారాసిటమాల్ విషయంలో ఇది రోజూ జరుగుతుంది. జ్వరానికి డోలో 650, జలుబుకు ఇంకో బిళ్ల, ఒళ్లు నొప్పులకు మరొకటి వేసుకుంటారు. చాలా జలుబు బిళ్లల్లో, నొప్పి బిళ్లల్లో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. పెద్దవాళ్లకైనా అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, దాటితే లివర్ దెబ్బతింటుంది. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ.

ఇక చీటీ. 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే బాధ ఉంటేనే. దీన్ని రోజూ వేసుకునేవాళ్లు ఎంతమందో! బిళ్ల పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ లాంటి అక్షరాలుంటే మందు లోపల నుంచి మెల్లగా విడుదలయ్యేలా తయారు చేశారని అర్థం. అలాంటివి నూరి నీళ్లలో కలపకూడదు, నమలకూడదు. మింగలేకపోతే సిరప్ రూపంలో ఉందేమో అడగండి.

ఒక మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కీళ్లవాతానికి, సొరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకు వస్తుంది. నేను ఆ కవరు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అని రాసి, చదివించుకుని మరీ ఇస్తాను. మీ ఇంట్లో ఈ మందు ఉంటే వారంలో ఏ రోజు వేసుకోవాలో ఇప్పుడే షీటు మీద రాసిపెట్టండి.

ప్రతి బిళ్లకూ ‘ఇది దేనికి’ అని అడిగి, జవాబు షీటు మీదే రాసుకోండి. గూగుల్‌లో వెతికితే అనవసరంగా టెన్షన్ పడే అవకాశం ఉంది. షుగర్ వల్ల అరికాళ్లు మండుతుంటే డాక్టర్లు అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో రాస్తుంటారు. అది డిప్రెషన్ మందు అని ఫోనులో చూసి, ‘నాకేమైనా పిచ్చా?’ అని ఒకాయన షీటు తిరిగి తెచ్చిచ్చారు. ఒక మందుకు రెండు మూడు ఉపయోగాలుండటం మామూలే.

ఎప్పుడు వేసుకోవాలన్నది కూడా మందులో భాగమే. థైరాయిడ్ బిళ్ల పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీ అయినా టిఫిన్ అయినా కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్లలకు దానికీ మధ్య నాలుగు గంటలుండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. ఎసిడిటీకి ఇచ్చే పాంటోప్రజోల్ తిన్నాక వేసుకుంటే పని తగ్గుతుంది, టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోండి. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ అన్నంతో వేసుకుంటే వికారం తక్కువ. గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి మానేయకూడదు. ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడాలి.

సైడ్ ఎఫెక్ట్స్ దగ్గరే జనం ఎక్కువ తడబడతారు. కొందరు మందుతో పాటు వచ్చే చిన్న కాగితం చదివి భయపడి మందు మానేస్తారు, కొందరు వచ్చిన బాధను వయసు మీదకు తోసేస్తారు. ఒక పెద్దాయన మూడు నెలలు వరసగా మా దగ్గర దగ్గు సిరప్ కొన్నారు. కఫం లేదు, జ్వరం లేదు, పొడిదగ్గు. బీపీ బిళ్ల చూపించమంటే రామిప్రిల్. ఆ మందుకు పొడిదగ్గు బాగా తెలిసిన లక్షణం. ‘బాబాయిగారూ, సిరప్ వద్దు, ఈ షీటు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి’ అన్నాను. మందు మార్చారు, కొద్ది వారాల్లో దగ్గు పోయింది. బీపీకే ఇచ్చే అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లకు చీలమండల దగ్గర వాపు రావడం కూడా ఇలాంటిదే. వాపుకని ఇంకో బిళ్ల మీ అంతట మీరు కొనకుండా, వాడుతున్న మందు పేరు డాక్టరుకు చెప్పండి.

మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో వచ్చే కడుపులో తిప్పుడు, విరేచనాలు చాలామందికి కొన్నాళ్లకు సర్దుకుంటాయి. కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకుంటుంటే కారణం లేకుండా కండరాలు నొప్పి పుడితే ఆ వారంలోనే డాక్టరుకు చెప్పాలి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా, ఒంటి మీద దద్దుర్లతో పాటు నోట్లో పుండ్లు పడినా, తారులా నల్లగా విరేచనం అయినా ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఫిట్స్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో దద్దుర్లను అసలు తేలిగ్గా తీసుకోకండి.

బాధ తగ్గిందని మీ అంతట మీరు ఆపకూడని మందులున్నాయి. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, ఎక్కువ రోజులు వాడిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, ఫిట్స్ బిళ్లలు. పన్ను పీకించుకోవడానికి వెళ్తూ రక్తం పలచబడే బిళ్ల ఆపేసి వెళ్లొద్దు. ఆ బిళ్ల వాడుతున్నానని పళ్ల డాక్టరుకు చెప్పండి, ఆపాలో వద్దో గుండె డాక్టరు చెబుతారు.

మోకాళ్ల నొప్పికి పక్కింటివాళ్ల బిళ్ల అడిగి వేసుకోవడం నన్ను చాలా బాధపెట్టే అలవాటు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి బీపీ పెంచుతాయి, కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మరింత కీడు.

పిల్లల సిరప్‌కు ఇంట్లో స్పూను వాడొద్దు, మూత మీద వచ్చే కొలత కప్పుతోనే పోయండి. పారాసిటమాల్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సీసా ఉంటుంది, 250ది కూడా ఉంటుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. సీసా మారితే కొలత మారాలి, పాత లెక్క పనికిరాదు.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి బిళ్ల వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. వారానికొకసారి వేసుకునే మందు మర్చిపోతే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. షీటు కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న వైపు చివరి దాకా ఉంచండి. ఎక్స్‌పైరీ 08/2027 అని ఉంటే ఆ నెల ఆఖరు రోజు వరకు వాడొచ్చు.

మందు వల్ల ఏదైనా తేడా చేస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు ఘజియాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు కూడా తెలియజేయొచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, పనిరోజుల్లో చేయండి. ఫోన్ చేసే ముందు షీటు, చీటీ, మందు మొదలుపెట్టిన తేదీ, బాధ మొదలైన తేదీ దగ్గర పెట్టుకోండి.