డాలు చదవడం నేర్చుకుందాం – 4: ఆమ్‌స్టర్‌డామ్ మూడు ఇంటూ గుర్తులు

గత మూడు పాఠాల్లో రంగులు, గీతలు, జంతువుల పేర్లు నేర్చుకున్నాం. ఈసారి ఒక నగరం కోట్ ఆఫ్ ఆర్మ్స్‌ను, అంటే డాలు బొమ్మతో ఉండే అధికారిక చిహ్నాన్ని, మొదటి నుంచి చివరిదాకా చదువుదాం. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ చిహ్నాన్ని ఎంచుకున్నాను. చూడ్డానికి తేలికగా ఉంటుంది, కానీ తొందరపడితే తప్పు చదివిస్తుంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక డాలు గీసి ఎరుపు వేయండి. మధ్యలో పైనుంచి కిందికి వెడల్పాటి నల్ల పట్టీ గీయండి. ఆ పట్టీలో ఒకదాని కింద ఒకటిగా మూడు తెల్ల ఇంటూ గుర్తులు పెట్టండి. తెలుపంటే ఇక్కడ వెండి అని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి రంగుల సూత్రం గుర్తుచేసుకోండి. బంగారం, వెండి లోహాలు; మిగతావి రంగులు. రంగు మీద రంగు పెట్టకూడదు, దూరానికి ఆనదు కాబట్టి. ఎర్రమట్టి అలికిన అరుగు మీద తెల్లటి ముగ్గు వీధి చివరి నుంచి కూడా ఎందుకు కనిపిస్తుందో ఆలోచిస్తే ఈ సూత్రం ఇక మర్చిపోరు. మరి ఇక్కడ ఎరుపు మీద నలుపు ఉంది! నల్ల పట్టీ మీద వెండి గుర్తులు సూత్రం ప్రకారమే ఉన్నాయి, పట్టీ మాత్రం తప్పింది. ఇలాంటివి కనిపిస్తే మీ నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి. పాత చిహ్నాల్లో సూత్రం తప్పినచోట అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది.

ఇక అర్థం. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినవాళ్లకు తరచూ వినిపించే కథ: మూడు గుర్తులంటే ఊరిని పీడించిన నిప్పు, నీరు, ప్లేగు. కథ బాగుంది. 1421లోనూ 1452లోనూ ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగిన మాట కూడా నిజమే. కానీ కథ నమ్మేముందు పక్క ఊళ్ల డాళ్లు చూడాలి. ఈ పాఠంలో మీకు అన్నిటికంటే పనికొచ్చే అలవాటు ఇదే. పక్కనే ఉన్న ఔడర్ ఆమ్‌స్టెల్ డాలు మీద ఇవే గుర్తులు ఐదు, న్యూవర్ ఆమ్‌స్టెల్ (ఇప్పటి ఆమ్‌స్టెల్‌వేన్) డాలు మీద నాలుగు ఉంటాయి. మూడు గుర్తులకు మూడు విపత్తులైతే, పక్క ఊరి నాలుగో గుర్తు ఏ విపత్తుకు? కథ అక్కడే ఆగిపోతుంది. 13వ శతాబ్దంలో ఈ ప్రాంతంలో పెత్తనం చేసిన పెర్సైన్ కుటుంబం డాలు నుంచి ఇవి వచ్చి ఉంటాయన్న వాదన నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. నల్ల పట్టీ ఆమ్‌స్టెల్ నది అంటారు. ఇంటూ ఆకారాన్ని మాత్రం ఏసు శిష్యుడు సెయింట్ ఆండ్రూ పేరుతో సెయింట్ ఆండ్రూ శిలువ అనే పిలుస్తారు. ఆ ఆకారపు కొయ్య మీదే ఆయన్ని శిలువ వేశారని క్రైస్తవుల నమ్మకం.

డాలు పైన కిరీటం ఉంటుంది. 1489లో, అప్పటికి రాజుగా ఉన్న మాక్సిమిలియన్, యుద్ధాల్లో తనకు అండగా నిలిచినందుకు, తన కిరీటం పెట్టుకునే హక్కు నగరానికిచ్చాడు. తర్వాత ఆయన పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తి అయ్యాడు, డాలు మీద సామ్రాట్టు కిరీటం వచ్చింది. 1578లో నగరం ప్రొటెస్టెంట్ల చేతికొచ్చినా, కాథలిక్ చక్రవర్తి ఇచ్చిన కిరీటాన్ని మాత్రం తీసేయలేదు. వెస్టర్‌కెర్క్ అనే ప్రొటెస్టెంట్ చర్చి గోపురం ఫొటోను పెద్దది చేసి చూడండి. కొసన నీలంరంగులో అదే కిరీటం కనిపిస్తుంది. గౌరవం ఒకసారి దక్కాక ఏ ఊరూ దాన్ని ఊరికే వదులుకోదు!

డాలుకు అటూ ఇటూ రెండు సింహాలు, గుడి ద్వారపాలకుల్లా నిలబడి ఉంటాయి. ఇక్కడ కుడిఎడమలు జాగ్రత్త. గర్భగుడిలో స్వామి కుడిచెయ్యి మనకు ఎడమవైపు కనిపిస్తుంది కదా, డాలుకూ అంతే. డాలు పట్టుకున్నవాడి కుడే కుడి.

అన్నిటికంటే కిందనున్న రిబ్బన్ వయసులో చిన్నది. దాని మీద మూడు డచ్చి మాటలు: హెల్డ్‌హాఫ్తిఖ్, ఫాస్ట్‌బెరాడన్, బార్మ్‌హార్తిఖ్. వీరత్వం, దృఢత్వం, దయ. ఈ మాటల వెనక రెండో ప్రపంచయుద్ధం ఉంది. అప్పుడు దేశాన్ని ఆక్రమించిన నాజీలు నగరంలోని 400 మందికి పైగా యూదు మగవాళ్లను పట్టుకుపోయారు. దాంతో 1941 ఫిబ్రవరి 25న ట్రాములు ఆగిపోయాయి, ఓడరేవు కార్మికులు పని మానేశారు, ఊరంతా సమ్మెలోకి దిగింది. మర్నాటికి సమ్మెను తుపాకులతో అణచివేశారు. యుద్ధకాలంలో నగర ప్రజలు నిలబడ్డ తీరుకు గుర్తుగా 1947లో రాణి విల్‌హెల్మినా ఈ మాటలిచ్చారు. ఈ రిబ్బన్ దగ్గరికొచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు బరువెక్కుతుంది. మధ్యయుగం నాటి డాలు కింద, తాతల కాలం నాటి మాట!

అభ్యాసం: మచిలీపట్నం దగ్గర్లో ఉన్నవాళ్లు డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లండి. 17వ శతాబ్దంలో వ్యాపారానికొచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్లవి. కొన్ని రాళ్ల మీద కుటుంబాల డాళ్లు చెక్కి ఉన్నాయి. రాతిమీద రంగుండదు కాబట్టి ఆకారాలే రాసుకోండి: ముందు డాలు, తర్వాత దానిపైన ఉన్నది, ఆ తర్వాత పక్కలది. అర్థాల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. దూరంగా ఉన్నవాళ్లు పారిస్ చిహ్నం బొమ్మ సంపాదించి, అందులోని ఓడను ఇలాగే వర్ణించి ఉంచుకోండి. వచ్చే పాఠం ఆ ఓడతోనే మొదలుపెడతాం.