గుద్దిన బండి దొరక్కపోయినా పరిహారం వచ్చింది (నా అనుభవం)

గుత్తి దగ్గర 44వ హైవే మీద రాత్రిపూట మా బామ్మర్ది బైకును ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. నంబరు ఎవరూ చూడలేదు. ఇన్సూరెన్సోళ్లు, లాయరు, టోల్‌గేటు కెమెరాలు, ఎక్కడికి పోయినా 'నంబరు లేకుంటే ఎట్లప్పా' అనే మాటే.

పనైంది మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద. 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తున్నారు. నెలలోపు బండి ఆచూకీ తెలియకపోతే ఈ సంగతి బాధితులకు పోలీసులే రాసివ్వాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మాకైతే ఎవరూ చెప్పలేదు.

ముందు 'గుర్తుతెలియని వాహనం' అని ఉన్న ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకున్నాం. తర్వాత ఆసుపత్రిలో ఊండ్ సర్టిఫికెట్, అంటే గాయాల గురించి డాక్టరు రాసిచ్చే కాగితం. అసలు కిటుకు ఇక్కడే ఉంది: అందులో 'సింపుల్' (మామూలు గాయం) అని కాదు, 'గ్రీవియస్' (తీవ్ర గాయం) అని ఉండాల. ఎముక విరిగితే చట్టప్రకారం గ్రీవియసే. ఎక్స్‌రే రిపోర్టు డాక్టరు ముందు పెట్టి, ఆ మాట రాశాకే కాగితం చేతికి తీసుకున్నాం. ఆపైన దరఖాస్తు ఫారం-1, వేరేచోట పరిహారం వస్తే ఇది తిరిగి కడతామనే ఫారం-4, ఆధార్, పాస్‌బుక్, ఆసుపత్రి బిల్లులు కలిపి ఆర్డీఓ ఆఫీసులో ఇచ్చినాం. మాది కర్నూలే అయినా, ప్రమాదం జరిగిన చోటి ఆర్డీఓకే ఇవ్వాల. కలెక్టరు మంజూరు చేశాక డబ్బు నేరుగా ఖాతాలో పడింది.

రూల్లో ఉన్నంత తొందరగా మాత్రం కాలేదు. మీ దగ్గర ఇంకో కాగితమేదైనా అడగచ్చు. బండి నంబరు తెలిసినోళ్లకు ఈ దారి కాదు, మోటారు ప్రమాదాల పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌కే పోవాల.