డిలీట్ చేసినవి రికవరీకి దొరక్కుండా: నా అనుభవం

రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే హార్డ్ డిస్క్‌లోని పాత ఫొటోలు తిరిగొచ్చేవి. షిఫ్ట్ డిలీట్, డిస్క్ క్లీనప్, డీఫ్రాగ్ అన్నీ దండగ.

పనిచేసింది విండోస్‌లోనే ఉన్న సైఫర్ (cipher) కమాండ్. ముందు అక్కర్లేనివి డిలీట్ చేసి, బిన్ ఖాళీ చేసి, ప్రోగ్రాములన్నీ మూసేశాను. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సైఫర్, స్పేస్, స్లాష్, డబ్ల్యూ, కోలన్, డ్రైవ్ అక్షరం, మళ్లీ కోలన్ కొట్టి ఎంటర్ నొక్కాను. ఉన్న ఫైళ్ల జోలికి పోదు. ఖాళీ జాగా మీద మాత్రం సున్నాలు, 255లు, చివరికి ఇష్టమొచ్చిన అంకెలు, ఇలా 3 విడతలు రాస్తుంది. తెర మీద చుక్కలు నత్తనడకన పడతాయి, రాత్రి పెట్టి పడుకోవడమే మేలు.

మళ్లీ స్కాన్ చేస్తే కొన్ని పేర్లు కనిపించాయి గానీ, ఒక్క ఫొటో తెరుచుకోలేదు. ఎస్‌ఎస్‌డీకి (తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌కి) మాత్రం ఇది చాలదు: డేటా ఏ సెల్‌లో పడాలన్నది అక్కడ కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్) ఇష్టం, పాత డేటా ఉన్న చోటే మళ్లీ రాస్తుందన్న గ్యారంటీ లేదు.