క్వారీ నుంచి రేవు దాకా ఒకే కార్మిక సంఘం: సభ్యులను ఎలా చేర్చాలి

ప్రతి సభ్యుడికీ రెండు చోట్లుంటాయి: పనిచేసే చోటు, కాపురముండే చోటు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ చేసే మనిషి సంతనూతలపాడులో ఉండొచ్చు. సభ్యత్వ రసీదు పుస్తకంలో రెంటికీ గడి ఉండాలి. అది లేకపోతే క్వారీ యూనియనూ, అతను ఉండే మండలంలోని సంఘం కమిటీ కూడా అతన్ని తమ లెక్కలో చూపిస్తాయి. జిల్లా మహాసభకు కాగితం మీద సభ్యులు పెరుగుతారు, సమ్మె రోజున మనుషులుండరు. ఒక మనిషికి ఒకటే రసీదు, అదీ పనిచోటులోనే.

కొత్త సంఘం రిజిస్ట్రేషన్‌కు కార్మికుల్లో పదో వంతు గానీ వంద మంది గానీ, ఏది తక్కువైతే అంత మంది చేరాలి. ఎంత చిన్న చోటైనా ఏడుగురికి తగ్గకూడదు. అసలు చిక్కు ఆ తర్వాతే. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒకే సంస్థలో ఒకటికి మించి సంఘాలుంటే, మస్టర్ రోలులో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో కనీసం 51 శాతం మద్దతున్నదే ఏకైక బేరసారాల సంఘం, అంటే యాజమాన్యంతో చర్చలు జరిపే సంఘం. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాల ప్రతినిధులతో బేరసారాల మండలి వేస్తారు. కృష్ణపట్నం రేవు లాంటి చోట కాంట్రాక్టు హమాలీ పేరు రేవు మస్టర్‌లో కాదు, కాంట్రాక్టరు మస్టర్‌లో ఉంటుంది. అందుకే సభ్యత్వం మొదలుపెట్టకముందే ఏ మేస్త్రీ కింద ఎంతమంది, ఎవరి మస్టర్‌లో ఉన్నారో రాసుకోండి. ఈ పని ఎగ్గొట్టి రసీదులు కోస్తే లెక్కింపు నాడు సగం చెల్లవు.

వేళ కూడా చూసుకోవాలి. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల దగ్గరికి సీజన్ దాటాక వెళ్తే షెడ్డుకు తాళమే కనిపిస్తుంది. రొయ్యల ప్లాంట్లలో గేటు మీటింగు షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలకు మించొద్దు. కంపెనీ బస్సు ఆగదు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లుంటే కరపత్రం హిందీలోనూ వేయండి. తెలుగు కరపత్రం పంచి వాళ్లు రాలేదని నిష్ఠూరమాడటం దండగ.

క్వారీ యూనియన్ లాంటి పరిశ్రమ యూనియన్‌కూ మండల కమిటీకీ తగువంతా చందా పంపకం దగ్గరే. వేతన చర్చ, సమ్మె నోటీసు పరిశ్రమ యూనియన్‌వి. ప్రమాదం, ఆసుపత్రి, పోలీసు స్టేషన్, రేషను గొడవ మండల కమిటీవి. వంద రూపాయల చందాలో 50 పనిచోటు శాఖకు, 20 మండలానికి, మిగతాది జిల్లాకూ రాష్ట్రానికీ అని ముందే తీర్మానం రాయండి. శాఖ దగ్గర డబ్బు లేకపోతే కార్యదర్శి తన జేబులోంచి ఆటోఖర్చు పెట్టుకుని నాలుగు నెలల్లో తప్పుకుంటాడు.

రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు వేసి, తీసుకున్నవాడి సంతకం పెట్టించుకోండి. పాత పుస్తకం కౌంటర్‌ఫాయిళ్లూ (పుస్తకంలో మిగిలే రసీదు ముక్కలు) డబ్బూ జమ అయ్యాకే కొత్తది.