వెలిగే కార్డు వెలగకపోతే: పేపర్ సర్క్యూట్ కిట్లలో తప్పు ఎక్కడ దాక్కుంటుంది

కాగితం మీద అతికించే కాపర్ టేపు, బటన్ సెల్లు (బిళ్లలాంటి చిన్న బ్యాటరీ), ఎల్‌ఈడీ (చిన్న దీపం) ఉన్న కిట్టుతో క్లాసు మొత్తం వెలిగే కార్డులు చేస్తే కొన్ని వెలగవు. అప్పుడు చాలామంది ముందుగా చేసేది కొత్త సెల్లు వేయడం. కాస్త ఆగండి. సెల్లు బాగానే ఉండి ఉంటుంది.

అసలు వెలగడం లేదు

సెల్లునీ ఎల్‌ఈడీనీ కార్డు మీద నుంచి తీయండి. ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య సెల్లును దూర్చండి. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి; సెల్లు మీద అక్షరాలు చెక్కి ఉన్న వెడల్పు ముఖమే ప్లస్. కాళ్లు కత్తిరించేసి ఉంటే గుండ్రటి ఎల్‌ఈడీ అంచు చూడండి, కోసినట్టు చదునుగా ఉన్న వైపు మైనస్. వెలగకపోతే తిప్పి పెట్టండి. వెలిగితే రెండూ మంచివే, ఇక వెతకాల్సింది కాగితం మీద. క్షణాల్లో అయిపోయే ఈ పరీక్షను వదిలేసి పీరియడంతా టేపు పీకి మళ్లీ అతికించేవాళ్లే ఎక్కువ.

నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. లేదా నిన్న వెలిగింది, ఇవాళ లేదు

అందరినీ ముప్పుతిప్పలు పెట్టేది ఇదే. టేపు పైన రాగి, అడుగున జిగురు. చాలా కిట్లలో వచ్చే టేపు జిగురు కరెంటును పోనివ్వదు. మలుపు దగ్గర పిల్లలు టేపు కత్తిరించి, రెండో ముక్కను మొదటిదాని మీద అతికిస్తారు. పైకి రాగి మీద రాగి ఉన్నట్టే కనబడుతుంది, మధ్యలో మాత్రం జిగురు పొర. వేలితో అదిమినప్పుడు జిగురు పక్కకు జరిగి ఏదో అంచు తగులుతుంది, దీపం వెలుగుతుంది. టీచరు మెచ్చుకుని పక్క బెంచీకి వెళ్లేలోపే ఆరిపోతుంది. నింద సెల్లు మీద పడుతుంది.

కనిపెట్టడం తేలికే. సెల్లు దగ్గర మొదలుపెట్టి ఒక్కో అతుకునూ గోటితో నొక్కుతూ వెళ్లండి. ఎక్కడ దీపం మినుకుమంటే తప్పు అక్కడే. ఎక్కడా మినుకుమనకపోతే అల్యూమినియం ఫాయిల్ ముక్కను ఒక్కో అతుకుకు అడ్డంగా పెట్టి అదమండి.

అతుకు బాగుచేయాలంటే పై ముక్క చివర ఒక సెంటీమీటరు లోపలికి, జిగురు జిగురుకు అంటుకునేలా మడవండి. ఇప్పుడు ఆ చివర అడుగున కూడా రాగే. దాన్ని కింది టేపు మీద ఆనించి, పైన పారదర్శక టేపు బిగుతుగా వేయండి. ఎల్‌ఈడీ కాళ్లదీ ఇదే కథ: కాలును టేపు కింద పెడితే తగిలేది జిగురుకే. కాలు రాగి మీద కూర్చోవాలి, పైన పారదర్శక టేపు పట్టుకోవాలి.

అయినా మలుపులో అసలు కత్తిరించకూడదు. మూల దాకా అతికించాక టేపును వెళ్లాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా మడిచి, మడత గట్టిగా రుద్ది, అప్పుడు సరైన దిక్కుకు తిప్పి అతికించండి. జిగురు కూడా కరెంటును పోనిస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నా మడతే నమ్మకం.

ఎరుపు వెలుగుతుంది, నీలం వెలగదు

ఎరుపుకు సుమారు 2 వోల్టులు చాలు, నీలానికీ తెలుపుకూ 3 దాకా కావాలి. ఒకే సెల్లుకు పక్కపక్కన కలిపితే ఎరుపు వోల్టేజీని కిందికి లాగేస్తుంది. కార్డుకు ఒకే రంగు పెట్టండి.

రంగులు వేశాక ఆరిపోయింది

సెల్లు ఆనే చోట టేపు మీద తెల్ల జిగురో, పెయింటో ఆరి పొర కట్టి ఉంటుంది. గీకేయండి. ముందు దీపం వెలిగించి, బొమ్మను వేరే కాగితం మీద వేయించి పైన కప్పితే ఈ గొడవే ఉండదు.

కార్డు మడత మీదుగా వెళ్లిన టేపు చిట్లడం, ఎల్‌ఈడీ కాలిపోవడం ఎప్పుడో గానీ జరగవు; అన్నీ అయ్యాక చూడండి.

సెల్లులు నిజంగానే చచ్చిపోయి ఉంటే, అన్నీ ఒకే డబ్బాలో ఒకదానికొకటి తగులుతూ పడి ఉన్నాయేమో చూడండి. ఒక్కోదానికి విడిగా పారదర్శక టేపు చుట్టి దాచండి. క్లాసు అయ్యాక లెక్కపెట్టకుండా ఎవరినీ పంపొద్దు: మింగిన బటన్ సెల్లు 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. ఒక్కటి తగ్గి, ఎవరైనా మింగారన్న అనుమానం ఉంటే నొప్పి కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.